పొగ లేచేదాకా

ధర్మవరం రైల్వే క్వార్టర్సులో గూడ్సు గార్డు ఖాదర్‌వలి భార్య బషీరాకు ఒక పేరుండేది. మొగుడు ఎప్పుడు ఇల్లు చేరతాడో ఆమెకు ముందే తెలిసిపోతుందని. ఇందులో వింతేముంది, బండి టైము చూసుకుంటే ఎవరికైనా తెలుస్తుంది కదా అంటారేమో. అక్కడే మీరు పప్పులో కాలేశారు. గూడ్సు బండికి టైమెక్కడిది? అది మెయిలుకు దారివ్వాలి, పాసింజరుకు దారివ్వాలి, ఆఖరికి లైను చూసుకునే ఇంజనీరు దొర ట్రాలీకి కూడా దారివ్వాలి. పొద్దున్నే హిందూపురంలో కదిలిన బండి మధ్యాహ్నానికి కూడా పెనుకొండ దాటకపోతే అదేమని అడిగే నాథుడు లేడు. గార్డుల భార్యలు వండిన అన్నం ఆరిపోయి, పులిసిపోయి, కుక్కల పాలైన రోజులు లెక్కలేనన్ని.

బషీరా ఇంట్లో మాత్రం ఆ బాధ లేదు. ఖాదర్‌వలి జెండాలూ లాంతరూ గోడకు తగిలించి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతూ ఉండేది. చెయ్యి కాలేంత వేడి ముద్ద కంచంలో పడేది, పక్కన శెనక్కాయల ఊరుబిండి పచ్చడి. ఆయనకు సంగటి అలా పొగలు కక్కుతూ ఉంటేనే ముద్ద దిగుతుంది. చల్లారిందా, కంచం పక్కకు నెట్టేసి మంచినీళ్లు తాగి లేచిపోతాడు. మనిషి మెత్తనివాడే కానీ సంగటి దగ్గర మాత్రం నవాబు.

"నేను మక్కాజిపల్లి స్టేషను కాడ ఉండంగానే నా భార్య ఎసరు పెట్టేస్తాదప్పా. గుండెకు తెలుస్తాదంట!" అని ఆయన గార్డుల గదిలో చెప్పుకుని మురిసిపోయేవాడు. స్టేషను ముందర టీ అంగడి నల్లప్ప ఆ మాటకు ఇంకాస్త పంచదార వేసి, వచ్చినవాళ్లందరికీ పోసేవాడు. పక్క క్వార్టర్ల ఆడవాళ్లయితే బషీరా వంటింటి మీద పొగ కనబడితే చాలు, "గూడ్సు వచ్చేసిందే" అని తమ పొయ్యిలు వెలిగించుకునేవాళ్లు.

ఇప్పుడు చెప్పకపోతే మోసమవుతుంది కాబట్టి చెబుతున్నాను. ఇందులో ఒక కిటుకుంది. ఆ కిటుకు ఖాదర్‌వలిది.

బండి దిగి, గార్డుల గదిలో కాగితాలు అప్పజెప్పి, పట్టాలు దాటి క్వార్టర్ల వైపు వచ్చే దారిలో, పట్టాల కింద వేసే స్లీపరు చెక్కలు పాతవి గుట్టగా పడి ఉన్నాయి. ఆ గుట్ట మీద కూర్చుంటే ఆయన వంటింటి పొగగొట్టం చక్కగా కనబడుతుంది. ఆయన అక్కడ కూర్చుని బీడీ ముట్టించేవాడు. పొగ లేచేదాకా కదిలేవాడు కాదు. రాత్రి వేళయితే వంటింటి బల్బు వెలిగేదాకా. పొగ లేచిందా, అప్పుడే వచ్చినవాడిలా గబగబా అడుగులేసుకుంటూ ఇంటికి వెళ్లేవాడు. చాలాసార్లు ఎక్కువసేపు కూర్చునే పని పడేది కాదు. బీడీ సగం కాలేలోపే పొగ లేచేది. అందుకే ఆయనకు కూడా లోపల్లోపల, నిజంగానే ఈమెకేదో తెలుస్తోందని నమ్మకం ఉండేది. ఆ కాస్త తేడా తాను సర్దితే ఏం పోయిందిలే అనుకునేవాడు. అయితే ఎప్పుడైనా ఆమె కునుకు తీసినప్పుడో, కుళాయి దగ్గర ఆలస్యమైనప్పుడో, కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నా ఎంతసేపైనా అలాగే కూర్చునేవాడు. హిందూపురంలో దర్జీ పని చేసే అల్లుడి ఇంట్లో కూతురు సాజిదా అన్నం పెట్టినా సగమే తినేవాడు, ఇంటికి పోయి తినాలని. ఆ పిల్ల మూతి ముడుచుకునేది.

ఇంత అవస్థ ఎందుకయ్యా అంటే, దానికి కారణముంది.

బషీరా తండ్రి గౌస్‌సాబ్ పెనుకొండ దగ్గర లైను మీద గ్యాంగుమ్యాను. ఒకనాడు పొద్దున సద్ది కట్టించుకుని పోయినవాడు మళ్లీ రాలేదు. మలుపు దగ్గర ఇంజను కొట్టేసింది. కబురు ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. ఆ పగలంతా బషీరా అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తూ కూనిరాగం తీసింది. పెళ్లయిన కొత్తల్లో ఆ మాట ఖాదర్‌వలితో చెప్పి ఎక్కెక్కి ఏడ్చింది. "మా నాయన ఆడ పట్టాల మీద పడుంటే నేను ఈడ పాడుకుంటాంటి. నాకేమీ తెలియలా. నాకెందుకు తెలియలా?" అని అడిగింది. దానికి ఎవరు మాత్రం ఏం బదులు చెబుతారు? ఖాదర్‌వలి బండెక్కిన ప్రతిసారీ ఆమెకు నిద్ర ఉండేది కాదు. కళ్లు గుంటలు పడి, ఒళ్లు చిక్కి, చూడలేనట్టుగా అయిపోయింది.

అలాంటి రోజుల్లో ఒకసారి ఇంజను చెడిపోయి బండి పెనుకొండలో ఆగిపోయింది. మరుసటి రోజుకు గానీ రానని ఇంటికి కబురంపాడు ఖాదర్‌వలి. తీరా చూస్తే ఇంకో గార్డు వచ్చి బండి తీసుకున్నాడు. శెనక్కాయల లారీ ఒకటి ధర్మవరం వస్తుంటే ఎక్కి, పట్టాల వైపు నుంచి కాక ఊళ్లోంచి నడుచుకుంటూ, వీధి తలుపు గుండా ఇంట్లో అడుగు పెట్టాడు. లోపల సంగటి ఉడుకుతోంది. రెండు కంచాలు పెట్టి ఉన్నాయి.

"నువ్వు వస్తాండావని తెలిసిపాయ. ఎట్ల తెలిసిందో నాకే తెల్దు" అంది బషీరా. ఆ ముఖంలో వెలుగు చూడాలి! "ఇంక నాకేం భయం లేదు. నీకేమన్నా అయితే నాకు తెలుస్తాది. తెలియకపోతే బాగుండావని అర్థం" అంది. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

అదీ కథ. ఆ నమ్మకమే ఆమెకు నిద్ర అనుకున్నాడు ఖాదర్‌వలి. దాన్ని కాపాడడానికి ఏళ్ల తరబడి స్లీపరు చెక్కల మీద బీడీలు కాల్చాడు. "ఆఫీసులో సంతకాలు తెమలలేదే" అని అబద్ధాలు కూడా ఆడాడు.

అన్నీ సవ్యంగా సాగిపోతుంటే డెబ్బయ్యెనిమిదో సంవత్సరం ఎండాకాలంలో హనుమంతరాయుడు వచ్చిపడ్డాడు. హిందూపురం మనిషి, ధర్మవరం కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. సోడాబుడ్డి కళ్లద్దాలు. నల్లప్ప అంగడిలో టీ తాగుతూ బషీరా సంగతి విన్నాడట. మరునాడు పొద్దున్నే భార్య శ్యామలమ్మను వెంటబెట్టుకుని క్వార్టరు ముందు ప్రత్యక్షమయ్యాడు. నల్లప్ప నాలుక తెగిపడ!

"గార్డుగారూ, నేను ఎగతాళికి రాలేదు" అన్నాడు మంచం మీద కూర్చుంటూ. "ఇట్లాంటివి పైదేశాల్లో పెద్దపెద్ద చదువులు చదివినోళ్లు పరీక్షలు పెట్టి చూస్తాండారు. ఒక గదిలో మనిషి ఒక బొమ్మను మనసులో పెట్టుకుంటే, ఇంకో గదిలో ఉండే మనిషి అదేందో చెప్పాల. కొందరు నిజమంటారు, కొందరు అంతా లెక్కల్లో తప్పు అంటారు. ఇంకా తేలలేదు. మన ధర్మవరంలో ఒకామె దినామూ అదే పని చేస్తాంటే, చూడకుండా ఎట్లుండేది చెప్పండి?"

"పరీక్షంటే ఏం చేస్తారు సార్?" అని అడిగాడు ఖాదర్‌వలి.

"ఏమీ లేదు. మీరు రేపు బండెక్కి పోతారు కదా. మళ్లీ వచ్చేటప్పుడు నేను స్టేషన్లో ఉంటా. మీరు దిగంగానే ఇద్దరం తిన్నగా ఈడికే నడుస్తాం. యాడా నిలబడేది లేదు. శ్యామల ఈమె పక్కనే వాచీ పెట్టుకుని కూర్చుంటాది. ఇంజను కూత విని కనిపెడతాండాదేమో అని అనుమానం రాకుండా, వెనక కిటికీ మూసేస్తాం. అంతే."

తమలపాకులు తుడుస్తున్న బషీరా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఖాదర్‌వలి అది చూశాడు. తనను అనుమానిస్తున్నారని నొచ్చుకుంది కాబోలు అనుకున్నాడు. ఆమె తలెత్తి, "మూయండి సార్, కిటికీతో నాకేం పని?" అంది. ఇంక ఆయన వద్దని ఎలా అంటాడు? వద్దంటే ఆమె మీద నమ్మకం లేదన్నట్టేగా. "ఆ, పెట్టుకోండి సార్" అనేశాడు. అని, నాలుక కొరుక్కున్నాడు.

రాత్రంతా బండి మీద పనిచేసి వచ్చిన మనిషి మధ్యాహ్నం పడుకున్నాడే కానీ కన్ను మూతపడితే ఒట్టు. కాసేపు గోడ వైపు, కాసేపు తలుపు వైపు దొర్లాడు. బషీరా ఏదో పనుందని పక్కింటికి పోయింది. ఖాళీ ఇంట్లో ఆయనకు ఒకటే ఆలోచన. పరీక్ష జరుగుతుంది. తాను తిన్నగా ఇంటికి వస్తాడు. పొయ్యి చల్లగా ఉంటుంది. బషీరా ముఖం ఎలా ఉంటుంది? క్వార్టర్ల ఆడవాళ్లు నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటారు, దానిదేముంది. కానీ తనకేమీ తెలియదని ఆమెకు తెలిసిపోతుంది. తాను బండెక్కిన ప్రతిసారీ మళ్లీ ఆ గౌస్‌సాబే ఆమె కళ్లముందు పడి ఉంటాడు. ఈ వయసులో మళ్లీ ఆ నిద్రలేని రాత్రులా? యా అల్లా, అనుకుని లేచి కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా చొక్కా తొడుక్కుని, బషీరాతో బీడీలు తెచ్చుకుంటానని చెప్పి, తిన్నగా హనుమంతరాయుడి ఇంటికి పోయాడు.

"సార్, మీ కాళ్లు పట్టుకుంటా. ఆ పరీక్ష వద్దు" అన్నాడు గుమ్మంలోనే.

లెక్చరరు కంగారుపడి లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. ఖాదర్‌వలి అన్నీ చెప్పేశాడు. స్లీపరు చెక్కలు, బీడీలు, పొగ, సంతకాల అబద్ధం, గౌస్‌సాబ్ చావు, అన్నీ. "ఆమెది తప్పు లేదు సార్. ఆమె నిజంగానే నమ్మతాండాది. మోసం నాది. కావాలంటే నన్ను మోసగాడని రాసుకోండి. ఆమెకు మాత్రం నీకు తెలుస్తాదమ్మా అని ఒక్క మాట చెప్పండి. ఆ నమ్మకం మీదనే నిద్రపోతాండాది సార్ ఆమె."

హనుమంతరాయుడు కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడిచాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

"గార్డుగారూ, మధ్యాహ్నం మీ ఆవిడ వచ్చింది" అన్నాడు.

"యాడికి?"

"ఈడికే. మీరు కూర్చున్న చాప మీదనే కూర్చుంది. పరీక్ష వద్దు సార్ అనింది. ఆయనకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. ఇప్పుడు చెప్తాండా, తప్పే. అయినా చెప్పకుండా ఉండలేను. ఆమెకు ఏమీ తెలియదంట. వెనక కిటికీలోంచి మీరు గార్డుల గది బయటికి వచ్చేది కనిపిస్తాదంట. రాత్రయితే మీ చేతి లాంతరు కనిపిస్తాదంట. లాంతరు కనబడంగానే పొయ్యి వెలిగిస్తాదంట. మీరు ఆ చెక్కల కాడ కూర్చునేది బీడీ కోసమని ఆమె అనుకుంటాండాది."

ఖాదర్‌వలి తాను కూర్చున్న చాపను చేత్తో తడిమి చూశాడు.

"మీ ఆవిడ ఇంకో మాట చెప్పింది. నాకు గుండెకు తెలుస్తాదని ఆయన పదిమందిలో చెప్పుకుని మురిసిపోతాడు సార్, ఆ సంతోషం పోగొట్టొద్దండి అనింది. మొదటిసారి, మీరు లారీ మీద వచ్చిన దినం మాత్రం నిజమేనంట. ఎందుకు లేచి ఎసరు పెట్టిందో ఈ పొద్దుకీ తెలియదంట. రెండోసారి అట్ల తెలియకపోయేసరికి భయపడి కిటికీ పట్టుకుంది."

"మరి నిద్ర?" అన్నాడు ఖాదర్‌వలి. ఆయనకు ఇంకేమీ వినబడలేదు. "నేను లేనప్పుడు నిద్రపోతాది కదా సార్?"

హనుమంతరాయుడు తల అడ్డంగా ఊపాడు. "మీరు బండెక్కితే ఆమె కిటికీ వదలదంట. ఎప్పుడన్నా కునుకు పడితే ఉలిక్కిపడి లేచి, ముందు పొయ్యి వెలిగించి తర్వాత కిటికీ చూస్తాదంట."

లోపల శ్యామలమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది. లెక్చరరు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"మా అమ్మ పోయినప్పుడు నేను తిరుపతిలో చదువుకుంటాంటి. ఆ గంటలో సినిమా హాల్లో కూర్చుని పడీపడీ నవ్వుతాంటి. ప్రాణం పెట్టిన తల్లి పోతాంటే కొడుక్కి చీమ కుట్టినట్టు కూడా తెలియలేదు. అందుకే ఇట్లాంటివి యాడున్నా పోయి చూస్తాంటా. ఎవరికో ఒకరికి తెలిసిందంటే, తెలిసే దారి ఒకటి ఉండాదని కదా."

"మరి ఆ మొదటి దినం సంగతేంది సార్? మీ సైన్సు ఏమంటాది?"

"ఏమీ అనదు. ఒక్కసారి జరిగిందాన్ని పట్టుకుని అది ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. కాకతాళీయం కావచ్చు. ఇంకేదన్నా కావచ్చు. నాకు తెలియదు గార్డుగారూ. తెలియదని చెప్పేదానికి నాకేం సిగ్గు లేదు."

ఖాదర్‌వలి లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఒకసారి ఇంటికి రండి సార్, సంగటి తిందురు గానీ" అన్నాడు.

ఇంటికి పోయేసరికి బషీరా దీపం పెట్టి బియ్యం ఏరుతోంది. ఆయన వంటింట్లోకి పోయి కిటికీ ముందు నిలబడ్డాడు. నిజమే, అక్కడినుంచి గార్డుల గది తలుపు కనబడుతోంది. స్లీపరు చెక్కలూ కనబడుతున్నాయి. కిటికీ చెక్క మీద మోచేతులు ఆనే చోట రంగు పోయి నున్నగా తేలింది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లోనే ఉంటూ ఆయన ఎప్పుడూ దాన్ని చూడలేదు.

"బషీరా, నువ్వు సార్ ఇంటికి పోయింటివంట" అన్నాడు.

ఆమె చేతిలో చాట ఆగింది. "చెప్పేసినాడా? ఒట్టు పెట్టించుకుంటినే!"

"నేనూ పోయింటి" అని, ఆయన తన సంగతి కూడా చెప్పాడు. ఆమె ఏడుస్తుందని భయపడ్డాడు. ఏడవడమా! ఇంతెత్తున లేచింది.

"పొగ లేచేదాకా ఆకలితో ఆడ కూచుంటివా? నీకేమన్నా పిచ్చా? ఆ ఎండలో, ఆ చలిలో! ఒకసారి నేను జ్వరంతో పడుకుంటే ఎంతసేపు కూచుంటివో చెప్పు? చెప్పయ్యా! బీడీ కోసం కూచుంటాడు, ఇంటికి రావాలని ఉండదేమో ఈ మనిషికి అని నేను ఎంత కుళ్లుకుంటినో తెల్సా నీకు?"

"నాది సరే. నువ్వేం చేసినావు? నేను ఆడ బండి చివర బ్రేకు పెట్టెలో నిమ్మళంగా కూచుని, నా భార్య నిద్రపోతాంటాదిలే అనుకుంటి. నువ్వేమో ఈడ గూబలాగా కండ్లు తెరుచుకుని నిలబడితివి. ఇన్నేండ్లు! నాకు ఒక్క మాట చెప్పకూడదా?"

"నువ్వు చెప్తివా?"

ఇద్దరూ చెరో గోడకు ఆనుకుని కోపంగా కూర్చున్నారు. కొంతసేపయ్యాక ఆమె పక్కకు జరిగింది. ఆయనా జరిగాడు. ఆమె తల ఆయన భుజం మీద వాల్చి అప్పుడు ఏడ్చింది. "నాకేమీ తెల్దయ్యా. నీకేమన్నా అయితే నాకు తెల్దు. మా నాయనప్పుడు మాదిరే ఈడ కూచుని పాటలు పాడుకుంటాంటా" అంది. ఆయన ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాడు. ఆయనకు కూడా ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మరునాడు బండెక్కే ముందు ఖాదర్‌వలి క్యాబిన్లో బుడన్‌సాబ్ దగ్గరికి పోయాడు. సిగ్నళ్లు వేసే ఆ క్యాబిన్ క్వార్టర్లకు కూతవేటు దూరంలో ఉంటుంది. గూడ్సు ఎక్కడ ఉందో అక్కడి టెలిఫోనుకు తెలియంది కాదు.

"అన్నా, ఒక పని చేసిపెట్టాల. నా బండి హిందూపురం వదిలినప్పుడు ఒక కేకెయ్యి మా ఇంటికి. పెనుకొండ వదిలినప్పుడు ఇంకో కేక. యాడన్నా నిలబడిపోతే, నిలబడింది బాగుండాడు అని చెప్పు. నువ్వు లేనప్పుడు ఎవరుంటే వాళ్లకు చెప్పు."

"అదేమప్పా? నీ భార్యకు అన్నీ గుండెకు తెలుస్తాయంటివే!"

"తెలియదులే అన్నా. అదంతా నా గొప్పలు" అన్నాడు ఖాదర్‌వలి. సిగ్గేసింది, అయినా అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా నల్లప్ప అంగడి చేరి, క్వార్టర్లన్నీ తిరిగింది. బషీరాను చూసి నవ్వినవాళ్లు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

ఆ తడవ బండి పెనుకొండలో ఒక పూటంతా నిలబడిపోయింది. ధర్మవరం చేరేసరికి ఎండ చిటపటలాడుతోంది. ఖాదర్‌వలి కాగితాలు ఇచ్చి బయటపడ్డాడు. స్లీపరు చెక్కల దగ్గరికి వచ్చేసరికి కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. తల ఎత్తి చూశాడు. పొగ లేదు. కిటికీలో ఎవరూ లేరు. చెక్కలు దాటి, దాదాపు పరుగులాంటి నడకతో ఇంటికి చేరి తలుపు తోశాడు.

బషీరా వంటింటి గడప దగ్గర చాప మీద, చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. సన్నగా గురక వినబడుతోంది. పక్కింటి ఆమె గోడ మీంచి తొంగిచూసి గుసగుసగా చెప్పింది: "బుడన్‌సాబ్ పెనుకొండ వదిలినాడని కేకేసినాడన్నా. సరేలే అని పడుకునింది. అప్పటినుంచి లేవనేలేదు."

ఖాదర్‌వలి బూట్లు చేతిలో పట్టుకుని మునివేళ్ల మీద లోపలికి నడిచాడు. కట్టెలు పేర్చి, చప్పుడు కాకుండా పొయ్యి ఊది, ఎసరు పెట్టాడు. కళ్లు మండి నీళ్లు కారాయి. పిండి ఎక్కువ పడింది, సంగటి గడ్డలు కట్టింది. తనకు చేతనైనట్టు రెండు ముద్దలు చేసి రెండు కంచాల్లో పెట్టాడు. ఆకలి దంచేస్తోంది. కంచాల ముందు కూర్చుని ఆమెను చూస్తూ ఉన్నాడు. ఆమె ఒకసారి అటునుంచి ఇటు తిరిగి మళ్లీ నిద్రలోకి జారిపోయింది. ఎండ గోడ దిగింది. సంగటి చల్లారిపోయింది. ఆయన ఆమెను లేపలేదు.